ఓడలాయన తోడల్లుడు

ఫెర్రీ స్టేషన్ వర్క్‌షాపులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఇంజన్ మెకానిక్‌గా చేరిన కొత్తలో పిలిచేవాళ్ళేమో గానీ, తీరిక వేళల్లో చెక్కతో చిన్న చిన్న ఓడలు చేయడం మొదలుపెట్టాక ఆయన అందరికీ ఓడలాయన అయిపోయాడు. టికెట్ల గుమాస్తాకీ ఓడలాయనే, టీ కొట్టు ముసలాయనకీ ఓడలాయనే. ఆఖరికి ఇంట్లో భార్య కూడా పక్కింటావిడతో "మా ఓడలాయన ఇంకా రాలేదండీ" అనేది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయన మీసం కింద ఒక నవ్వు కదిలేది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉత్తినే వచ్చింది, ఈ పేరు మాత్రం చేతులతో సంపాదించుకున్నది అని ఆయన లోలోపలి గర్వం.

అలాంటి పేరుకి ఎసరొచ్చింది. తెచ్చినవాడు పరాయివాడు కూడా కాదు, సొంత తోడల్లుడు.

ఆయన ఓడలు తయారయ్యేది వంటింటి వెనకున్న సన్నటి గదిలో. పాత తలుపు ఒకటి రెండు డ్రమ్ముల మీద పరిస్తే అదే బల్ల. ముందు వెన్నుకర్ర నిలబెట్టి, దానికి పక్కటెముకల్లా చట్రాలు అతికించేవాడు. తర్వాత అగ్గిపుల్లంత మందం పలకల్ని వేడినీళ్ళలో నానబెట్టి, కాగిన గొట్టానికి ఆనించి మెల్లగా వంచి, ఒకదాని పక్కన ఒకటి చుట్టుకుంటూ వచ్చేవాడు. ఉప్పుకాగితంతో రుద్దడం అయ్యాక కళ్ళు మూసుకుని గోరుతో గీసి చూసుకునేవాడు. గోరు ఎక్కడైనా ఆగిందా, ఆ పలక ఊడదీసి మళ్ళీ మొదటికి రావాల్సిందే. ఓడ పొట్ట విషయంలో ఆయన్ని తలదన్నేవాడు లేడు.

తాళ్ళ సంగతి వేరు. నిలువు కొయ్యలు నిలబెట్టి, వాటిని ముందుకీ వెనక్కీ పక్కలకీ లాగిపట్టే దారాలు కట్టాలి. అడ్డకొయ్యలకి దారాలు, తెరచాపలకి దారాలు, పక్కలకి నిచ్చెనల్లా ఎక్కే దారాలు. మొదటి ఓడకి ఆయన వాటిని వీణ తీగల్లా బిగించాడు. అవి ఎండాకాలం రోజులు. వానలు మొదలయ్యేసరికి నూలు దారాలు చెమ్మ పీల్చుకుని కుంచించుకుపోయి, కొయ్యల్ని మూడుపక్కలకి లాగేశాయి. ఓడ కాస్తా నడుం పట్టేసిన ముసలాళ్ళ గుంపులా తయారైంది. అప్పట్నుంచీ ఆయనకో సూత్రం. "తాడుకి ఊపిరి ఉండాలి" అనేవాడు. ఊపిరి పేరుతో దారాలు కాస్త వదులుగా వదిలేసేవాడు. చూసేవాళ్ళకి తేడా తెలిసేది కాదు. ఆయనకి మాత్రం తెలుసు, తన ఓడ ఎంత అందమైనదైనా తాళ్ళు మాత్రం బట్టలారేసే తీగలా ఉంటాయని.

తోడల్లుడు దర్జీ. బజారు వీధిలో మెట్ల కింద చిన్న షాపు. అందులో ఒక మిషను, గుడ్డ కత్తిరించే బల్ల, పొద్దస్తమానం కాగుతూ ఉండే ఇస్త్రీ పెట్టె. మనిషి ఎప్పుడూ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంటాడు కాబట్టి మాటల్లో సగం మింగేస్తాడు. అతన్ని ఈ ఓడల్లోకి దించింది కూడా ఓడలాయనే. తెరచాపలకి అంచు మడిచి కుట్టడం తన మొరటు వేళ్ళకి సాధ్యం కాక తంటాలు పడుతుంటే భార్య అంది, "మా చెల్లెలి మొగుడు దర్జీయేగా! ఆ గుడ్డముక్కలు అతని మొహాన కొట్టి రండి, క్షణంలో కుట్టి ఇస్తాడు."

కుట్టి ఇచ్చాడు. కుట్టు కనపడాలంటే భూతద్దం కావాలి. ఇచ్చిపోవడానికి వచ్చినవాడు ఓడ ముందు నిలబడిపోయాడు.

"అన్నయ్యా, ఇవన్నీ ముడులేనా? జిగురు కాదా?"

"జిగురు చేతకానివాళ్ళకి."

"నాకూ ఒకటి నేర్పరూ?"

ఓడలాయన పొంగిపోయాడు. మిగిలిన పలకలు, ఒక పట్టుకారు, తేనెమైనం ముద్ద అన్నీ సంచిలో వేసి ఇచ్చాడు. దర్జీ చేసిన మొదటి ఓడ ఉడకబెట్టిన బంగాళదుంపలా వచ్చింది. దాన్ని ఓడలాయన నోరారా మెచ్చుకున్నాడు. ఆ వారమంతా ఎంత ఉదారంగా ఉన్నాడంటే, భార్యకి అనుమానం వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. రెండో ఓడ ఓడలాగే వచ్చింది. ఆయన మెచ్చుకోలు సగానికి తగ్గింది. మూడోది మూడు కొయ్యల పెద్ద ఓడ. దాని తాళ్ళు చూసినరోజు మెచ్చుకోలు పూర్తిగా ఆగిపోయింది. "టీ ఏమైనా ఇస్తారా?" అని మాత్రం అడిగాడు.

ముడులు ఆవగింజలో సగం ఉన్నాయి. అన్నీ ఒకే వైపు తిరిగి, ఒకే వరసలో కూర్చున్నాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య "మా చెల్లెలు అంటోందండీ, వాళ్ళాయన చెయ్యి అచ్చం యంత్రంలా..." అని మొదలుపెట్టగానే ఆయన కంచంలోంచి తలెత్తకుండా, "యంత్రం చెడిపోతే బాగుచేసేది ఎవరు? మెకానికే కదా," అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే స్టేషన్ హాలుకి రంగులు వేశారు. టికెట్ కిటికీల ఎదురుగా ఒక గాజు పెట్టె పెట్టి, అందులో ఒక ఓడ ఉంచాలని మేనేజరమ్మకి ఆలోచన వచ్చింది. ఆవిడ వర్క్‌షాపుకే వచ్చి అడిగింది. "మీరు చేసిందొకటి ఇవ్వగలరా? ఒక్కటే పడుతుంది, మంచిది చూసి ఇవ్వండి."

ఓడలాయన ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, తేలి వచ్చాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రోజూ దాటే హాలు అది. వచ్చే పోయే ప్రయాణికులు, పడవల సరంగులు, తోటివాళ్ళు, అందరి కళ్ళముందూ తన ఓడ! భార్యకి చెప్పాడు. భార్య సంతోషం పట్టలేక చెల్లెలికి చెప్పింది. చెల్లెలు నేరుగా మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళి, "మా ఆయన కూడా చేశాడండీ, ఒకసారి చూడండి," అంది. ఆవిడ, "దానికేం, రెండూ తెచ్చి హాల్లో పెట్టండి, వారం తర్వాత చూసి చెప్తాను," అంది.

"నీ నోటికి తాళమే లేదా?" అని ఓడలాయన భార్య మీద లేచాడు.

"తోడబుట్టినదానికి చెప్పుకోకుండా ఎవరికి చెప్పుకోను? అయినా మీకేం భయం? నేర్పింది మీరేగా!"

ఆ "నేర్పింది మీరేగా" ఆయనకి చెవుల్లో సీసం పోసినట్టు వినిపించింది.

మర్నాడు సాయంత్రం దర్జీ షాపుకి వెళ్ళాడు. మూడు కొయ్యల ఓడ కత్తిరించే బల్ల మీద, ఇస్త్రీ పెట్టె పక్కనే ఉంది. షాపంతా పొయ్యి మీద పెనంలా పొడిగా, వెచ్చగా ఉంది. ఓడలాయన వేలికొనతో ఒక దారాన్ని మెల్లగా నొక్కాడు. దర్జీ తను చెప్పినట్టే చేశాడు, తాడుకి కాస్త ఊపిరి వదిలాడు. అయినా తన ఓడకన్నా తీరుగా ఉంది. ఇంకో దారం నొక్కాడు. అప్పుడు ఆయన బుర్రలో ఒక ఆలోచన, నూనెలో పడ్డ నీటిచుక్కలా చిటపటలాడింది.

ఈ పొడి గదిలో బిగించిన దారం, నీళ్ళ పక్కనున్న ఆ చెమ్మ హాల్లోకి వెళ్తే ఏమవుతుంది? వానలు నేడో రేపో. మేనేజరమ్మ చూసే వేళకి...

"కాస్త బిగించు తమ్ముడూ," అన్నాడు.

దర్జీ నోట్లోంచి గుండుసూదులు తీశాడు. మాట స్పష్టంగా ఉండాలనుకున్నప్పుడే అతను ఆ పని చేస్తాడు. "బిగించాలా? తాడుకి ఊపిరి ఉండాలన్నారు కదన్నయ్యా?"

"అది చెయ్యి తిరగనివాళ్ళకి. నీకు తిరిగింది. తీగలా బిగించు, అప్పుడుంటుంది అందం."

దర్జీ ఆయన మొహంకేసి ఒక్క క్షణం చూశాడు. తర్వాత తన ఓడకేసి చూశాడు. "మీరన్నారంటే చాలు," అని మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకున్నాడు.

దారి పొడుగునా ఓడలాయనకి అరికాళ్ళలో ఏదో గుచ్చుకుంటున్నట్టే ఉంది. తప్పు చెప్పలేదుగా, అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. బిగిస్తే అందం ఉంటుందన్నాను, ఉంటుంది. కొయ్య వంగదని నేనెక్కడ అన్నాను?

రెండు ఓడలూ హాల్లో పక్కపక్కన పెట్టారు. వానలు మాత్రం అనుకున్న వేళకి రాకుండా ముఖం చాటేశాయి. వారమంతా ఆకాశం ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లగా ఉంది. మేనేజరమ్మ వచ్చింది. ఓడలాయన ఓడ పొట్ట మీద చెయ్యి రాసి, "ఇది గాజుతో చేసినట్టుందే!" అంది. ఆవిడ రెండోదాని ముందు నిలబడింది. వంగి ఒక పక్క నుంచి చూసింది, ఇంకో పక్క నుంచి చూసింది.

"ఈ తాళ్ళు చూడండి, ఇప్పుడే గాలి తగిలి బయల్దేరబోతున్నట్టుంది. ఇదే పెడదాం."

ఎవరు ఏమన్నారో ఓడలాయనకి సరిగ్గా వినపడలేదు. ఒక్క టికెట్ల గుమాస్తా మాట మాత్రం సూటిగా వచ్చి గుచ్చుకుంది. అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "అయితే ఓడలాయన ఓడినాయన అయ్యాడన్నమాట!" అన్నాడు. హాలంతా నవ్వింది. సరంగులు నవ్వారు. దర్జీ మాత్రం నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది.

బిగించమన్నది తనే. ఆ బిగువే గెలిపించింది.

అంతటితో అయిపోతే బాగానే ఉండును. మర్నాడు మేనేజరమ్మ వర్క్‌షాపుకి కబురుపెట్టింది, ఆ ఓడకి గాజు పెట్టె మీరే చేసిపెట్టండి, మీ చేతి పని నాకు తెలుసు అని. పుండు మీద కారం చల్లినట్టయింది. ఏం చేస్తాడు, చేశాడు. మొదట్లో మూలలు ఏదో అతికించేసి పడేద్దామనుకున్నాడు. కానీ రంపం చేతికి రాగానే ఆ చేతులు ఆయన మాట వినలేదు. మూలలు గోరు ఆగకుండా కూర్చున్నాయి. వెనక పలకకి మాత్రం, నీళ్ళవైపు ఉండే పక్కన, వరసగా చిల్లులు పెట్టాడు.

"చిల్లులెందుకు?" అని అడిగింది మేనేజరమ్మ.

"గాలి ఆడాలి కదమ్మా," అన్నాడు, ఎటో చూస్తూ.

తర్వాత వానలొచ్చాయి. వచ్చాయంటే ఆషామాషీగా రాలేదు. రేవు మెట్లు మునిగాయి, హాలు నేల చెమటపట్టింది, టికెట్లు వేళ్ళకి అంటుకుపోయాయి. అందరూ విసుక్కుంటుంటే ఓడలాయన ఒక్కడే హుషారుగా పనికి వెళ్ళేవాడు. వెళ్తూ ఒకసారి, భోజనం వేళ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి గాజు పెట్టె ముందు ఆగేవాడు. జేబులోంచి ఉక్కు స్కేలు తీసి, ఒక కన్ను మూసి, కొయ్యకి సూటిగా పట్టుకుని చూసేవాడు. కొయ్య నిటారుగా ఉండేది. స్కేలు జేబులో పెట్టుకునేవాడు.

"ఏంటి సారూ, తోడల్లుడి ఓడకి కాపలా కాస్తున్నారా?" అని గుమాస్తా కిటికీలోంచి అరిచేవాడు. "మీరు లేకపోతే అది రేవు దాటి వెళ్ళిపోతుందేమో!"

"నీ టికెట్లు నువ్వు చింపుకోవయ్యా."

ఒక మధ్యాహ్నం నడిమి కొయ్య వంగింది. స్కేలు పట్టి చూశాడు, అనుమానం లేదు, పైన తలవైపు సన్నగా వంపు. ఆయన గుండె చిన్నపిల్లాడి గుండెలా గెంతింది. మెట్లు రెండేసి చొప్పున దిగాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఈల వేశాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆ ఈల వినని భార్య గరిట పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమైందండీ మీకు?"

"ఏం కాలేదే. వానలు బాగా పడుతున్నాయి కదా అని."

"మీ ఆనందం చూస్తే నాకు భయమేస్తోంది," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ చూశాడు. వంపు ఉంది. కాస్త పక్కకి జరిగాడు. వంపు కూడా జరిగింది. ఇంకాస్త జరిగాడు. వంపు కొయ్యని వదిలేసి, తెరచాప మీదకి ఎక్కింది. గాజు పెట్టె తలుపు తీసి నేరుగా చూశాడు. కొయ్య నిలువునా, తూకం వేసినట్టు నిలబడి ఉంది. వంకర ఉన్నది గాజులో. ఆ గాజు పలక బిగించింది తనే.

ఆయన తలుపు మూసి, అక్కడి బెంచీ మీద కూలబడ్డాడు. అంత వానలో, అంత చెమ్మలో, అంత బిగువులో ఒక్క కొయ్య, ఒక్క వెంట్రుకవాసి కూడా వంగలేదు. ఏం మంత్రం వేశాడు వీడు? అసూయకి కూడా ఒక హద్దు ఉంటుందనుకునేవాడు ఆయన. ఆ రోజు హద్దు ఇంకా ముందుకి జరిగింది. చెడు కోరుకున్నా జరగనంత గట్టివాడు వీడు.

సరిగ్గా అప్పుడే గొడుగు దులుపుకుంటూ దర్జీ లోపలికి వచ్చాడు. చేతిలో బట్టల మూట, అవతలి ఒడ్డున ఎవరికో ఇవ్వడానికి వెళ్తున్నట్టున్నాడు. ఆయన్ని చూసి మొహం వెలిగిపోయింది.

"అన్నయ్యా! మీరు రోజూ వచ్చి చూస్తున్నారట. గుమాస్తా చెప్పాడు."

"దారిలో ఉంది కదా, చూస్తున్నాను."

దర్జీ పక్కన కూర్చున్నాడు. నోట్లో సూదులు లేవు. అందుకేనేమో మాటలు బాగా వస్తున్నాయి. "ఒక మాట అడగాలనుకుంటున్నా చాలా రోజుల్నుంచి. ఆ రోజు షాపులో మీరు బిగించమన్నప్పుడు నేను ఆశ్చర్యపోయాను. ఊపిరి ఉండాలని నేర్పిన మనిషి బిగించమంటాడేంటి అని. ఆ చెమ్మకి మామూలు దారమైతే కొయ్యలు విరిగేవి కదా? తర్వాత వెలిగింది నాకు. మీరు వేలితో నొక్కి చూశారు చూడండి, అప్పుడే కనిపెట్టేశారు."

ఓడలాయన అతనికేసి తిరిగాడు. "ఏం కనిపెట్టాను?"

"నేను దారం తడిపానని!" దర్జీ నవ్వాడు. "మా పనిలో గుడ్డని తడిపి ఆరబెట్టకుండా కత్తెర పెట్టం కదన్నయ్యా. తడపకుండా కుడితే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి, లాల్చీ కాస్తా చొక్కా అవుతుంది. దారం కూడా నూలే కదా అని ఓడ దారమంతా రెండుసార్లు తడిపి, బరువు కట్టి ఆరబెట్టి, తర్వాతే మైనం పట్టించా. కుంచించుకునేదేదో ముందే కుంచించుకుపోయింది. ఇక వానొచ్చినా దానికి ఏం పట్టదు. మీకు చెప్పలేదు, చెప్తే మీ పద్ధతికి ఎదురు చెప్పినట్టుంటుందని. మీరేమో ఒక్క వేలితో నొక్కి పసిగట్టేశారు. ఆ వేలు నాకెప్పుడొస్తుందో!"

ఓడలాయనకి కాదనడానికి లేదు. కాదంటే మరి బిగించమని ఎందుకన్నట్టు? అవుననడానికి నోరు రావడం లేదు. గాజు పెట్టెలో ఓడ బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడి ఉంది. ఇన్నేళ్ళ నుంచీ తన ఓడలన్నీ వదులు తాళ్ళతో ఎందుకు వేలాడుతున్నాయో, వాటికి ఊపిరి అని పేరు పెట్టుకుని తను ఎంత హాయిగా ఉన్నాడో, అంతా ఒక్కసారిగా కళ్ళముందు ఆరేసినట్టు కనపడింది. ఒక్క గిన్నెడు నీళ్ళు. అంతే కావలసింది.

"ఆ... పని తెలిసినవాడికి వేలు పెడితే తెలుస్తుంది," అన్నాడు.

"అదే కదా!" దర్జీ మూట ఎత్తుకుని లేచాడు. పడవ కూత వేసింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "పెట్టె భలే చేశారన్నయ్యా. వెనక ఆ చిల్లులు పెట్టడం చూశారా, గాలి ఆడకపోతే దారానికి బూజు పట్టేది. నాకు తట్టేది కాదు అది," అని గొడుగు విప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

మనిషిని తిట్టేవాళ్ళుంటారు, ఎత్తిపొడిచేవాళ్ళుంటారు. ఇలా మెచ్చుకుని చంపేవాణ్ణి ఆయన ఎక్కడా చూడలేదు.

ఇంటికెళ్ళి తన ఓడని బల్ల మీద పెట్టి, కత్తెర తీసుకుని, కట్టిన దారాలన్నీ ఒక్కొక్కటే కత్తిరించడం మొదలుపెట్టాడు. భార్య పరుగెత్తుకొచ్చింది.

"అయ్యయ్యో, ఇదేం పిచ్చి! అన్నాళ్ళు కట్టారు కదండీ!"

"గిన్నెలో నీళ్ళు తీసుకురా."

ఆమె గిన్నె తెచ్చింది. ఆయన దారపు ఉండని చేతిలో పట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ ఆగిపోయాడు.

"ఒకసారి మీ చెల్లెలికి ఫోన్ చెయ్యి. వాళ్ళాయన దారం చన్నీళ్ళలో తడుపుతాడా, వేడినీళ్ళలోనా కనుక్కో. నేను అడిగానని మాత్రం చెప్పకు."

భార్య ఆయన్నీ గిన్నెనీ మార్చి మార్చి చూసింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఫోన్ తీసింది. "ఏమే, మీ బావ ఏం అడగలేదు గానీ, నేనే అడుగుతున్నా..." అని గట్టిగా మొదలుపెట్టగానే ఆయన తల పట్టుకున్నాడు.

మర్నాడు పక్కింటావిడ పెరట్లోకి తొంగిచూసి కంగారుపడింది. బట్టలారేసే తీగకి బట్టల బదులు సన్నటి దారాలు వేలాడుతున్నాయి, ఒక్కొక్క దారం చివర ఒక స్పానరు. వాటి మధ్య ఓడలాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. దారాలు సూటిగా, ఒక్క వంపు లేకుండా దిగాయి. ఆయన ఒక కన్ను మూసి, స్కేలు పట్టి చూశాడు. ఆ తాళ్ళు ఆ పొట్ట మీద కడితే ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. ముందు వచ్చి చూడాల్సినవాడు ఎవరో కూడా అప్పుడే అనుకున్నాడు. చూసి, నోట్లో గుండుసూదులు ఉన్నా లేకపోయినా, వాడి నోట మాట రాకూడదు.

"ఏం చేస్తున్నారు ఓడలాయనా?" అని అడిగింది పక్కింటావిడ.

అక్కడ ఆ పేరు ఇంకా చెల్లుతోంది.

"ఏం లేదమ్మా," అన్నాడు, స్పానరు ఒకటి సర్దుతూ. "మా తోడల్లుడికి ఒక పాఠం బాకీ ఉంది, అదే తయారు చేస్తున్నా."